ఏడో మాటకు మిగిలిన సమయం

గుడ్ ఫ్రైడే నాడు మా ఊరి చర్చిలో ఏడుగురు మాట్లాడతారు. సిలువ మీద క్రీస్తు పలికిన మాటలు ఏడు కాబట్టి మనిషికొక మాట. మధ్యాహ్నం పన్నెండింటికి మొదలైన ఆరాధన మూడింటికి గంట కొట్టడంతో ముగియాలి. మిషన్ దొరల కాలం నుంచి వస్తున్న పద్ధతి అది. మూడు కాగానే గంట మోగుతుంది, ఎక్కడివాళ్ళు అక్కడ మోకరిస్తారు. ఎవరి మాట సగంలో ఉందన్నది గంటకు పట్టదు. ఆ రోజు అందరికీ ఉపవాసం. మంచినీళ్ళు కూడా ముట్టని పెద్దవాళ్ళు ఉంటారు. బయట వేసవి ఎండ, లోపల కిక్కిరిసిన జనం, కరెంటు ఉంటే తిరిగే ఫ్యాన్లు.

ఆ ఏడింటిలో అయిదో మాట దాహం గురించి. అది మా నాన్నది.

ఎవరు ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో నాకు తెలియదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ మాట ఆయనదే. తాడేపల్లిగూడెంలో హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరై, ఉంగుటూరు దగ్గర కాలవ గట్టునున్న మా ఊరికి వచ్చి స్థిరపడ్డాక ఆ హక్కు మరీ గట్టిపడింది. పాస్టర్లు మారేవారు, సంఘ పెద్దలు మారేవారు, అయిదో మాట మాత్రం మాస్టారిదే. నాన్న సైన్సు మాస్టారు. అంచేత దాహం, క్రీస్తు నీళ్ళడిగిన సమరయ స్త్రీ బావి దగ్గర మొదలై, ఒంటె మూపురం మీదుగా ఎడారి దాటి, నీటిలో హైడ్రోజన్ ఎన్ని పాళ్ళో ఆక్సిజన్ ఎన్ని పాళ్ళో తేల్చుకుని, కొల్లేరు ఎండిపోయిన ఏడాది చేపలు పడిన బాధ దాకా వెళ్ళేది. దాహంతో అల్లాడుతున్న మనుషులకు దాహం గురించి అంతసేపు చెప్పిన మనిషి మా నాన్న తప్ప ఇంకొకరు ఉండరు.

ఒక ఏడాది అప్పటి పాస్టరుగారు, పాపం, సమయం మించిపోతోందని చెప్పలేక దగ్గారు. నాన్న పట్టించుకోలేదు. ఇంకొంచెం గట్టిగా దగ్గారు. నాన్న ప్రసంగం ఆపి, ఎంతో ఆప్యాయంగా ఆయన వైపు తిరిగి, "అయ్యగారూ, కాస్త వాము నమిలి రసం మింగండి, ఇట్టే తగ్గిపోద్ది," అని చెప్పి మళ్ళీ ఒంటె దగ్గరికి వెళ్ళిపోయారు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కానీ, నాన్న విషయంలో అది నిజం కాదు. వినేవాళ్ళంటే ఆయనకు ప్రాణం. వాళ్ళు తన మాటలు తాగుతున్నారని ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు. నమ్మకానికి ఆధారాలు కూడా ఉన్నాయి. ఆరాధన అయ్యాక గుమ్మం పక్కన నిలబడేవారు. బయటికొచ్చే ప్రతి ఒక్కరూ చెయ్యి కలిపి, "భలే చెప్పారండీ మాస్టారూ," అనేవారు. "మీరు చెప్తుంటే ఇంకా వినాలనిపించిందండీ," అని గేటు పక్కన పెట్టిన మజ్జిగ కుండల వైపు గబగబా నడిచేవారు. నాన్న ఆ మాటను విన్నారు, ఆ నడకను చూడలేదు.

మా వైపు మాట మెత్తన. పెళ్ళిలో కూర ఉప్పు కషాయంలా ఉన్నా, వడ్డించేవాడు ఎలా ఉందండీ అంటే, "బ్రహ్మాండంగా ఉందండీ, కాస్త మజ్జిగ ఇలా పంపండి," అంటాం. ఎదుటి మనిషి ముఖం చిన్నబోకుండా చూసుకోవడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. మనుషులు తమ శక్తిని ఎందుకంత ఎక్కువ అనుకుంటారని ఎవరైనా నన్నడిగితే, గర్వమని అంత తేలిగ్గా తేల్చను. మా నాన్నకు గర్వం లేదు. ఆయన లెక్కలో తప్పు లేదు, ఆయనకు ఇచ్చిన అంకెల్లోనే ఉంది తప్పు. ఊరంతా కలిసి ఒక మనిషికి తప్పుడు అంకెలు అందించి, ఆయన తప్పుడు లెక్క వేశాడని వెనక నవ్వుకుంటుంది. ఆ ఊళ్ళో నేనూ ఉన్నాను. నేను ముక్కుసూటి మనిషినని నాకు పేరు. ఆ పేరు నేనే పెట్టుకున్నాను. ఏటా, "ఎలా ఉందమ్మా?" అని నాన్న అడగడం, "బాగుంది నాన్నా," అని నేను అనడం.

అలా నడుస్తున్న రోజుల్లో, రెండువేల ఆరో ఏడో సరిగా గుర్తులేదు, మా సంఘానికి కొత్త పాస్టరుగారు వచ్చారు. కుర్రవాడు. వస్తూనే, ఏడు మాటల్లో ఒకటి స్త్రీల సమాజానికి ఇవ్వాలన్నారు. పెద్దలు కొంచెం గొణిగారు. ఆడవాళ్ళు పాటలు పాడుతున్నారు కదా, చాలదా అన్నారు. ఆయన వినలేదు. ఏడో మాట, ప్రాణాన్ని తండ్రి చేతుల్లో పెట్టే మాట, మా అమ్మకు వచ్చింది.

నేనప్పుడు ఏలూరు పక్కన వట్లూరులో కాలేజీ లెక్చరర్‌ని. అమ్మ ఫోన్ చేసింది. "నాకు ఏడో మాట ఇచ్చారే," అంది. గొంతులో వణుకు ఉంది, భయమనుకున్నాను. ధైర్యం చెప్పబోయాను. అమ్మ నన్ను ఆపి, నాన్న పక్క గదిలో ఉన్నారు కాబోలు, బాగా గొంతు తగ్గించి, "మీ నాన్న కన్నా బాగా చెప్తాను. చూస్తా ఉండు," అంది.

నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళూ ఆడవాళ్ళ వరసలో కూర్చుని, తల మీద కొంగు కప్పుకుని, అయిదో మాట విన్న మనిషి. ఆ కొంగు కింద ఏం ఆలోచిస్తోందో మేమెవ్వరం అడగలేదు.

నాన్నకూ సంతోషమే. అందులో అనుమానం లేదు. "నేను రాసిస్తాను, నువ్వు చదివెయ్," అన్నారట. "అక్కర్లేదండీ, ఏం చెప్పాలో నేను అనుకున్నాను," అందట అమ్మ. పండక్కి ముందు వారం నేను ఊరెళ్ళినప్పుడు నాన్న నన్ను అరుగు మీదికి పిలిచి, "మైకు ముందు నిలబడ్డమంటే మాటలు కాదమ్మా. మీ అమ్మ తడబడుద్ది. అందుకే నేనొక పని చేస్తాను. అయిదో మాటలోనే ఏడో మాటకి కాస్త దారి వేసి పెడతాను. దాన్ని పట్టుకుని వెళ్ళిపోతే చాలు," అన్నారు.

"నాన్నా, మీది కొంచెం క్లుప్తంగా..." అన్నాను. ముక్కుసూటి మనిషిని కదా, అంతవరకే అనగలిగాను.

"ఈసారి క్లుప్తంగానే. మీ అమ్మకి టైము ఉండాలి కదా," అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. ఆయన నిజంగానే అనుకున్నారు.

మా కాలేజీలో పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లల్ని ఎలా రాశారని అడుగుతుంటాను. బాగా చదివే పిల్ల పెదవి కొరుక్కుంటుంది, "ఒక లెక్క తప్పినట్టుంది మేడమ్," అంటుంది. ఏమీ రానివాడు చొక్కా సర్దుకుని, "కుమ్మేశాను మేడమ్," అంటాడు. వాడు అబద్ధమాడడు. ఏది తప్పో తెలియాలంటే ఏది ఒప్పో తెలియాలి కదా. వంట రానివాడికి కూర మాడిన వాసన వంట జరిగిన వాసనలాగే ఉంటుంది. పిల్లల విషయంలో ఇంత తెలివిగా ఆలోచించే నేను, ఇంట్లో మాత్రం నాన్న ఈసారి క్లుప్తంగా ముగిస్తారని నమ్మి అమ్మకు ఇస్త్రీ చీర తీసిపెట్టాను.

ఆ రోజు మొదటి నాలుగు మాటలూ కాస్త అటూ ఇటూగా సమయానికే అయ్యాయి. నాన్న లేచారు. అమ్మ ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుంది, తెల్ల చీర, ఒళ్ళో బైబిలు, పెదవులు లోలోపల కదులుతున్నాయి. నేను ఆమె వెనకే ఉన్నాను.

నాన్న బాగానే మొదలుపెట్టారు. ఒంటెను వదిలేశారు. హైడ్రోజన్ జోలికి పోలేదు. ఆ రెండూ మానేసినందుకు తను ఎంతో సమయం మిగిల్చాననుకున్నారు కాబోలు, మిగిల్చిన దాన్ని అమ్మకు దారి వెయ్యడానికి వాడారు. దాహం నుంచి అప్పగింతకు వచ్చారు. అప్పగింతలో కొడుకును బలికి అప్పగించిన అబ్రాహాము, ఆ తర్వాత బిడ్డను జమ్ము పెట్టెలో పెట్టి నీళ్ళకు అప్పగించిన మోషే తల్లి, ఆ నీళ్ళున్న నైలు నది. నైలు పొడవు ఎంతో, అది ఎన్ని దేశాల్లో పారుతుందో. పాస్టరుగారు గడియారం చూసుకున్నారు, కానీ దగ్గలేదు. అంతకుముందు పాస్టరుగారి వాము సంగతి ఆయనా విని ఉంటారు. అమ్మ పెదవులు కదలడం ఆగిపోయింది. ఎదురుగా గోడ గడియారం ఉంది. ఆమె దాన్నే చూస్తోంది. నాకు లేచి వెళ్ళి మైకు తీగ లాగెయ్యాలన్నంత కోపం వచ్చింది. లేవలేదు. ఎవరూ లేవలేదు. అందరం ఎంతో మర్యాదగా వింటున్న ముఖాలు పెట్టుకుని కూర్చున్నాం.

నాన్న కూర్చున్నాక ఆరో మాట చెప్పవలసిన బ్యాంకు ఉద్యోగి వాక్యం చదివి, గట్టిగా ప్రార్థన చేసి దిగిపోయాడు. అంతకన్నా ఏం చెయ్యగలడు.

అమ్మ వెళ్ళి మైకు ముందు నిలబడింది. తడబడలేదు. నాన్న అనుకున్నదేదీ జరగలేదు. వాక్యం చదివింది. బైబిలు మూసింది. తలెత్తి అందరి వైపూ చూసి, "నా చిన్నప్పుడు కొల్లేట్లో మా లంకకి వరదొస్తే, మా అమ్మ..." అంది.

గంట మోగింది.

జనమంతా బెంచీలు కిర్రుమనేలా మోకాళ్ళ మీదికి వంగారు. నేను వంగలేకపోయాను. అమ్మ నోరు కొంచెం తెరుచుకునే ఉంది, ఆ తర్వాతి మాట అక్కడే ఉన్నట్టు. ఒక్క క్షణం అలా నిలబడి, మైకు పక్కన మెల్లగా మోకరించింది. గంట మోగుతూనే ఉంది.

బయట గుమ్మం పక్కన నాన్న ఎప్పటిలాగే నిలబడ్డారు. ఆ ఏడాది మాట్లాడినవాళ్ళలో అమ్మ కూడా ఉంది కాబట్టి పాస్టరుగారు ఆమెనూ పక్కన నిలబెట్టారు. జనం వస్తున్నారు. "భలే చెప్పారండీ మాస్టారూ." "మీరు చెప్తే ఆ లెక్కే వేరండీ." అప్పుడు మా వీధి చివర ఉండే ఒక పెద్దావిడ వచ్చింది. నాన్న ముందు ఆగి, "చాలా బాగా చెప్పారండీ," అంది. ఒక అడుగు పక్కకు వేసి అమ్మ రెండు చేతులూ పట్టుకుని, అదే నవ్వుతో, అదే గొంతుతో, "మీరూ చాలా బాగా చెప్పారండీ వదినగారూ. ఇంకా వినాలనిపించింది," అంది.

ఆవిడ తప్పేమీ లేదు. నోటికి అలవాటైన మాట. మజ్జిగ వైపు వెళ్ళిపోయింది. నేను నాన్న ముఖం చూశాను. ఆయన ఆవిడ వెళ్ళినవైపే చూస్తున్నారు. తర్వాత వచ్చిన మనిషి చెయ్యి చాపితే, ఆ చెయ్యి ఎందుకు చాపాడో తెలియనట్టు చూశారు.

కాలవ గట్టు మీద ఇంటికి నడిచాం. ఇంటికొచ్చాక అమ్మ చెప్పులు విడుస్తుండగా నాన్న అడిగారు.

"ఏమే, నువ్వేం చెప్పావని ఆవిడ బాగా చెప్పావంది?"

అమ్మ వెనక్కి తిరగలేదు. "మీకూ అదే చెప్పింది కదండీ," అంది.

నాన్న అరుగు మీద కూలబడ్డారు. ఆయన మీద ఉన్న కోపమంతా నాకు ఆ నిమిషంలో ఎటో పోయింది. ఇన్నేళ్ళుగా గుమ్మం దగ్గర పోగు చేసుకున్న మాటలన్నీ ఆయన ఒక్కొక్కటీ తీసి చూసుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. ఆ సాయంత్రం అన్నం సగంలో వదిలేశారు. కాసేపటికి, "పోనీ ఇప్పుడు చెప్పు, నేను వింటాను," అన్నారు.

"నేను చెప్పాలనుకుంది మీకు కాదండీ. గుడిలో జనానికి," అంది అమ్మ. అంటున్నప్పుడు ఏడ్చేసింది. మా అమ్మ దేనికోసమైనా అలా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ పెరట్లో పీట వేసుకుని రొయ్యలు వలుస్తోంది. నేను పక్కన కూర్చున్నాను. నాన్న వచ్చి గడప మీద కూర్చున్నారు. ఏమీ అడగలేదు. అమ్మే, రొయ్యల మీంచి చూపు తిప్పకుండా, మొదలుపెట్టింది.

"నా చిన్నప్పుడు కొల్లేట్లో మా లంకకి వరదొస్తే, మా అమ్మ నన్ను చంకనేసుకుని దోనెలో గట్టుకి తెచ్చేది. దోనె ఒక చోట నిలవదు కదా, ఊగుతానే ఉంటది. బిడ్డనెత్తుకుని గట్టెక్కలేదు. అందుకని ముందు నన్ను గట్టు మీదున్న మనిషికి అందించేది. అందించేటప్పుడు తన చేతుల్లో ఎంత బలముందో చూసుకునేది కాదు. అవతల చేతులు ఎవరివో చూసేది. మా నాన్నవైతే కళ్ళు మూసుకుని ఇచ్చేసేది."

 నాన్న గడప మీంచి ముందుకు వంగారు. అమ్మ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. ఆ దోనె ఎవరిదో, వాళ్ళు మాకు ఏ వరసవుతారో, ఆ ఏడాది వరదకు ఎవరెవరి పాకలు పోయాయో, ఆ పాకల్లో ఒకరి మనవరాలిని కామవరపుకోటలో ఎవరికిచ్చారో, అన్నీ వచ్చాయి. గిన్నెలో రొయ్యలు అయిపోయాయి, ప్రసంగం అవ్వలేదు. చివరికి ముగించి, ముఖం వెలిగిపోతుండగా, "ఎలా ఉందండీ?" అంది.

నేను నా గోళ్ళు చూసుకున్నాను. "బాగుందమ్మా" నాలుక చివరి దాకా వచ్చేసింది.

 నాన్న, "దోనె దాకా గొప్పగా ఉంది," అన్నారు. "నేను జన్మలో అంత మాట చెప్పలేదు. తర్వాత సాగింది. దోనె దగ్గర ఆపెయ్యాలి."

అమ్మ ముఖం ఎర్రబడింది. "సాగిందా? మీరా నాకు చెప్పేది, సాగిందని?" అంది. గిన్నె పక్కన పెట్టి మరీ అంది. అంతలోనే ఆ మాటలో ఉన్నది తనకే తట్టి నవ్వు మొదలైంది, ఆపుకోలేకపోయింది. రొయ్యల చేత్తోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్నా నవ్వారు, కానీ తొందరగా ఆపేశారు.

"మరి నాది ఎక్కడ ఆపాలి?" అన్నారు. ప్రశ్న అమ్మకు. ఇన్నేళ్ళలో మొదటిసారి.

అమ్మ చేతులు కడుక్కుని వచ్చి ఆయన పక్కన గడప మీద కూర్చుంది. "మీరు బావి దగ్గర ఆ ఆడమనిషి గురించి చెప్తారు చూడండి, అది బాగుంటదండీ. నిజంగా బాగుంటది. అక్కడ ఆపెయ్యండి. మేమంతా నిజంగానే దాహంతో కూర్చునుంటాం," అంది. ఎంత మెల్లగా చెప్పిందంటే, మా వైపు మెత్తదనం అబద్ధానికే కాదు, నిజానికీ పనికొస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

మరుసటి ఏడాది అమ్మకు మళ్ళీ ఏడో మాటే వచ్చింది. అయిదో మాట చెప్పడానికి లేచే ముందు నాన్న చేతి గడియారం విప్పి బల్ల మీద, బైబిలు పక్కన పెట్టుకున్నారు. అమ్మ ముందు వరసలోనే ఉంది. ఆయన బావి దగ్గరికి వెళ్ళారు. బావి నుంచి కొంచెం అవతలికి, ఒంటె వైపు, ఒక అడుగు వేశారు కూడా. అమ్మ తల మీద కొంగు సర్దుకుంది. నాన్న చూశారు. ఏదో మింగినట్టు ఆగి, ఆమెన్ అనేశారు.

బ్యాంకు ఉద్యోగి ఆరో మాట తొందరగానే ముగించాడు, అమ్మ లేచేటప్పటికి ఇంకా సమయం ఉంది. లంక, వరద, ఊగే దోనె, చంకలో బిడ్డ, అవతల చేతులు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత ఆ దోనె ఎవరిదో చెప్పాలని ఆమెకు ఎంతగా ఉందో నాకు తెలుసు, పెదవి కదిలింది కూడా. నాన్న వైపు చూసింది. నాన్న ఒళ్ళో ఉన్న బైబిలు మూశారు. అమ్మ తలవంచి వచ్చేసింది. గంటకు ముందు కాసేపు గుడంతా ఊరికే కూర్చుంది. కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు. మా చర్చిలో గంట కోసం జనం అలా కూర్చోవడం నేను మొదటిసారి చూశాను.

గుమ్మం దగ్గర అందరూ ఎప్పటి మాటే అన్నారు. "భలే చెప్పారండీ మాస్టారూ." "చాలా బాగా చెప్పారండీ వదినగారూ." ఇద్దరికీ ఒకే గొంతు. అమ్మ అందరికీ చేతులు జోడిస్తూనే, చూపు మాత్రం నాన్న మీద పెట్టింది. జనం పల్చబడ్డాక నాన్న ఆమె దగ్గరికి వచ్చి, "దోనె దగ్గర ఆపావు," అన్నారు. అంతే అన్నారు. అమ్మ ముఖం చూడాలి అప్పుడు.

కాలవ గట్టు ఎక్కాక నాన్న కాసేపు ఓపిక పట్టారు. ఇక పట్టలేక, "మరి నాది?" అన్నారు.

"బాగుందండీ," అని అమ్మ ఆగింది. నాన్న నడక ఆపి చూశారు. "నిజంగా బాగుంది. కాకపోతే ఇంకొంచెం ముందే ఆపాల్సింది. ఆరో మాట అతను మళ్ళీ గబగబా ముగించుకోవాల్సొచ్చింది, పాపం."

నాన్న నిజంగా ఆశ్చర్యపోయారు. చేతి గడియారం ఒకసారి చూసుకుని, మళ్ళీ అమ్మ వైపు చూసి, "అవునా?" అన్నారు. "నాకు ఏమీ చెప్పకుండానే దిగిపోయాననిపించిందే!"